వాసన చూడని మందారం

మా ఆయనకు పువ్వు కోయడం వచ్చు గాని పెళ్లాం జడలో పెట్టడం రాదు. పెళ్లయిన కొత్తలో ఆయన చేతిలో కనకాంబరాలతో లోపలికి వస్తుంటే నాకేనేమోనని మురిసిపోయి, జడ సర్దుకొని అటు తిరిగి కూర్చునేదాన్ని. ఆ పూలు నన్ను దాటుకొని నేరుగా కిటికీ దగ్గరి గాజుగ్లాసులోకి పోయేవి. నా సవతి ఎవరో నాకప్పుడు తెలిసింది.

వనపర్తిలో సంస్థానం నడుస్తున్న రోజులవి. ఆయన అక్కడి బడిలో డ్రాయింగు సారు. బడి అయిపోగానే నీటిరంగులు కలుపుకొని పువ్వు ముందు కూర్చునేవారు. ఊరికే అందంగా వేస్తే సరిపోదట. మొగ్గ, కాయ, ఆకు ఈనెలు అన్నీ రావాలట. చివరికి పువ్వును నిలువునా చీల్చి లోపల ఏముందో అది కూడా వేయాలట. ఒక్క రేకును పట్టుకొని గంటసేపు చూసేవారు. పెళ్లిచూపుల్లో నన్ను అందులో సగంసేపు కూడా చూడలేదు మహానుభావుడు.

ఆయన పూలు కోసే తోట మా అత్తమ్మది. బల్మూరు దగ్గరి పొలం పెద్దకొడుక్కి అప్పజెప్పి మా దగ్గరికి వచ్చాక, ఇంటి వెనక స్నానాల నీళ్లు పారేచోట మందారం, గన్నేరు, నందివర్ధనం, చామంతి పెంచింది. పూసిన ప్రతి పువ్వూ దేవుని గూటికే పోవాలి. వాసన చూసిన పువ్వు దేవునికి పనికిరాదని ఆమెకు గట్టి పట్టింపు. తోటలోకి వెళ్లేటప్పుడు నన్ను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొమ్మనేది. కొడుకు పువ్వు కోశాడంటే దేవుని వాటాలో దొంగతనం చేసినట్టే. "నాగలి వట్టేటోడు పువ్వు వట్టిండు" అని ఇరుగుపొరుగుతో చెప్పుకొని పెదవి విరిచేది.

అందుకే ఆయన వేసిన బొమ్మ ఒక్కటి కూడా ఆమె కన్నెత్తి చూడలేదు. ఆయన మాత్రం బొమ్మ పూర్తయినప్పుడల్లా, ఆరబెడుతున్నానంటూ తల్లి కూర్చునే అరుగు మీదే పెట్టేవారు. ఆమె దాన్ని దాటుకొని పోయి పొయ్యి ముందు కూర్చునేది. అప్పుడు ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఒక చలికాలం, బడి పెద్దసారు దయతలచి ఆ బొమ్మలన్నీ అక్కడి పెద్దగదిలో పెట్టి ఊరివాళ్లకు చూపించమన్నారు. ఇక చూడండి, "అమ్మ వస్తదంటవా?" అని ఆయన నన్ను అడగని పూట లేదు. ఊరంతా వచ్చి ఆ ఒక్క మనిషి రాకపోతే, ఆయనకు అది ఎగ్జిబిషనే కాదు. తల్లి రావాలని అంత తపించిన మనిషి చేసిన తెలివైన పని ఏమిటో తెలుసా? బొమ్మ కింద అసలు పువ్వు కూడా ఉంటే జనం పోల్చి చూసుకుంటారని, తెల్లవారకముందే తోటనంతా ఊడ్చుకొని పోయారు. మొగ్గలు కూడా వదల్లేదు.

అత్తమ్మ స్నానం చేసి పూలసజ్జతో తోటలోకి వెళ్లి, ఖాళీ సజ్జతో తిరిగొచ్చింది. తిట్టలేదు. అందుకే నాకు భయమేసింది. దేవునికి పువ్వు పెట్టనిదే మంచినీళ్లు కూడా ముట్టని మనిషి. "నడువు బిడ్డా, నా పూలు నేను తెచ్చుకుంట" అని తడిజుట్టు ముడేసుకొని బడికి బయలుదేరింది.

మేం వెళ్లేసరికి గది నిండా జనం. తల్లిని గుమ్మంలో చూడగానే మా ఆయన ముఖం చాటంత అయింది. పాపం, ఎదురొచ్చారు కూడా. ఆమె ఆయన్ని చూడలేదు, గోడమీది బొమ్మల్నీ చూడలేదు. మొదటి గ్లాసు ముందు నిలబడ్డ సంస్థానం కచేరీ గుమాస్తాను, ఈ పువ్వు వాసన చూశావా అని అడిగింది. చూశానన్నాడు అమాయకుడు, బాగుందని కూడా అన్నాడు. సజ్జ రెండో గ్లాసు దగ్గరికి జరిగింది. అక్కడా అదే మాట. పువ్వు కనబడితే ముక్కు వంచకుండా ఉండలేరు కదా మనవాళ్లు! వాసనే లేని మందారాన్ని కూడా వదల్లేదు. చివరి గ్లాసు దగ్గర పెద్దసారు తలొంచుకొని, "జరంత జూసిన, పెద్దమ్మా" అని ఒప్పుకున్నారు.

ఇక దేవునికి పువ్వు లేదు. పొద్దెక్కింది, ఆమె పెదవులు ఎండిపోయాయి. ఏం చేయాలో తోచక తల పైకెత్తింది. ఎదురుగా గోడమీద మందారం బొమ్మ. మొదటిసారి చూసింది. కొడుకు రేకును చూసినట్టే, చాలాసేపు చూసింది.

"దీన్ని ఎవరన్న వాసన జూసిన్రా?"

"లేదమ్మా" అన్నారాయన.

"గట్లయితే గిదియ్యి. దేవుడు ఎదురుజూస్తుండు."

ఆయన మేకుకున్న బొమ్మను తీసి ఇచ్చారు. ఆమె దాన్ని సజ్జలో నిలబెట్టుకొని ఇంటికి తెచ్చి, గూట్లో పెట్టి, దండం పెట్టుకొని, అప్పుడు మంచినీళ్లు తాగింది.

సంతోషపడతారనుకుంటే ఆయనకు కొత్త బెంగ పట్టుకుంది. రోజూ పొద్దున అత్తమ్మ నిన్నటి పూలు తీసి చెట్టు మొదట్లో పారేస్తుంది. బొమ్మకూ అదే గతి పడుతుందేమోనని. నన్ను పోయి చెప్పమన్నారు. మీ అమ్మకు మీరే చెప్పుకోండి అన్నాను.

మర్నాడు ఇద్దరం తలుపుచాటున నిలబడ్డాం. అత్తమ్మ పొరుగింట్లో ఆ పొద్దే విచ్చిన బంతిపూలు తెచ్చుకుంది. గూట్లోంచి బొమ్మను తీసింది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆమె గూడు తుడిచి, బొమ్మను కొంగుతో ఒకసారి అద్ది, తిరిగి అక్కడే పెట్టింది. వెనక్కి తిరక్కుండానే అంది:

"వాడిపోయినయే తీస్తరు కొడుకా. ఇది వాడలే."

ఆయన గడప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆటపట్టించడానికి నా దగ్గర మాటలు చాలానే ఉన్నాయి గాని, ఆ ఒక్క పొద్దూ నేను నోరు మెదపలేదు.