డే షిఫ్టు మొక్కు

మా గోడౌన్లో డే షిఫ్టు సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అయిందని, బయటివాళ్లను తీసుకోకుండా లోపలివాళ్లకే ఇంటర్వ్యూ పెడతారని తెలిసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది జీతం కాదు, నిద్ర. రేణిగుంటలో ఆ గోడౌను తెరిచినప్పటి నుంచీ నాది రాత్రి డ్యూటీయే. లారీల్లో వచ్చిన సరుకు దించి, ఊళ్లవారీగా వేరు చేసి, తెల్లారేలోగా పంపించాలి. తిరుపతిలో ఇల్లు చేరేసరికి మా ఆవిడ స్కూలుకు బయలుదేరుతూ ఉంటుంది. పగటి నిద్ర ఒక నిద్రా? పక్కింటి మిక్సీ, వీధిలో కూరగాయల బండి మైకు, అవి ఆగితే కొరియర్ వాడు కొట్టే బెల్లు. ఆ పార్సిల్ రాత్రి నేనే పంపి ఉంటానని తోచి మరింత ఒళ్లు మండేది.

ఆ పోస్టుకు అప్లై చేసింది ఇద్దరమే. నేనూ, నాతో పాటు రాత్రులు పనిచేసే నా స్నేహితుడూ. వాడిది కార్వేటినగరం దగ్గర పల్లె, రేణిగుంటలోనే అద్దెకుంటున్నాడు. రాత్రి సరుకు బాధ్యత చూడగలిగిన వాళ్లం మేమిద్దరమే. కాబట్టి ఒకడు పగటికి వెళితే రెండోవాడు రాత్రులకే అతుక్కుపోవాలి. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరమూ ఎత్తలేదు.

ఎత్తకపోగా, ఇంటర్వ్యూకు కలిసే తయారయ్యాం. పొద్దున డ్యూటీ దిగాక గేటు ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చుని, ఫోనులో వీడియోలు చూసి ప్రశ్నలు పట్టుకునేవాళ్లం. ఒకరోజు వాడు ఆఫీసరు, ఒకరోజు నేను.

"మా సంస్థలో ఎందుకు చేరాలనుకుంటా ఉండారు?" అని అడిగాడు వాడు, కాలు మీద కాలేసుకుని.

"చేరి ఇన్నేండ్లయింది గదప్పా! వేరేది అడుగు."

"సరే, మీ బలహీనత ఏంది?"

వీడియోలో చెప్పినట్టే, పని మొదలుపెడితే పూర్తయ్యేదాకా వదలలేకపోవడమే నా బలహీనత అన్నాను. వాడికి టీ పొలమారింది. "నిలబడుకొనే నిద్రపోతావని గోడౌనంతా తెలుసు. ఈ మాట ఆ మేనేజరు ముందర చెప్తావా?"

అదీ లోపలి ఇంటర్వ్యూలో ఉన్న ఇబ్బంది. బయటివాడైతే కొంచెం పెంచి చెప్పుకోవచ్చు. మమ్మల్ని అడగబోయేది మేం అట్టపెట్టెకు ఆనుకుని కునికిపాట్లు పడుతుంటే తట్టి లేపిన మనిషే. చివరికి "ఈ పోస్టు ఎందుకు కావాలి?" అన్న ప్రశ్నకు "సంస్థతో పాటు నేనూ ఎదగాలని" అన్న జవాబు ఖాయం చేసుకున్నాం. ఇద్దరికీ అదే జవాబు. అసలు నీకెందుకు కావాలి అని ఒకరినొకరం అడగలేదు.

ఇంటర్వ్యూకు ముందు వచ్చిన ఆదివారం నేను కొండకు వెళ్లాను, తల వెంట్రుకలు ఇవ్వడానికి. మా అమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. "మొక్కంటే పని అయినాక తీర్చేది. ముందే ఇచ్చేస్తే ఆయన ఇంగ నీ మాట ఎందుకు ఇంటాడు?" అంది. నాకేమో ఓపిక తక్కువ. ఏదైనా ఇచ్చేది ముందే ఇచ్చేసి, చేతులు కట్టుకుని కూర్చుందామని నా లెక్క.

కళ్యాణకట్టలో టోకెన్, బ్లేడు ముక్క తీసుకుని, తల తడుపుకుని వరుసలో కూర్చున్నాను. పక్కన సగం గుండుతో వంగి ఉన్న మనిషి "యాడికి వచ్చినావప్పా?" అన్నాడు. వాడే.

నవ్వు ఆగలేదు ఇద్దరికీ. "తల కదిలించొద్దండి" అని గుండు గీసేవాళ్లు గదమాయించారు. ఒకే దేవుడికి, ఒకే పోస్టు కోసం, ఇద్దరమూ అడ్వాన్సు ఇస్తున్నాం.

బయటికొచ్చి గుండ్లకు గంధం పూసుకుంటూ మెట్ల మీద కూర్చున్నాం. అక్కడ ఇక సంస్థతో పాటు ఎదగాలని చెప్పుకోలేం గదా. నాకు నిద్ర కావాలని చెప్పాను. వాడు తన సంగతి చెప్పాడు.

"మా పాప ఉండాది సూడు, దానికి మూడేండ్లు. నాయన ఏం చేస్తాడని మొన్న అంగన్‌వాడీలో అడిగినారంట. పండుకుంటాడు అని చెప్పిందంట. అది చూసినప్పుడంతా నేను పండుకోనే ఉంటా. ఏం చెప్తాది ఇంగ?"

నవ్వుతూనే చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ మాట విన్నాక పోస్టు మీద నా ఆశ తగ్గిందని చెబితే అబద్ధమవుతుంది. ఆశ అలాగే ఉంది. దాని పక్కన ఆ పాప వచ్చి కూర్చుంది, అంతే.

బుధవారం ఇంటర్వ్యూ. మా గుండ్లు రెండూ చూసి మేనేజరు "ఇద్దరూ ఒకే బస్సులో పోయొచ్చినారా?" అన్నాడు. ఆయన పక్కన చెన్నై ఆఫీసు నుంచి వచ్చిన మేడం కూర్చుని ఉంది. నన్ను ముందు పిలిచారు. ఈ పోస్టు ఎందుకు కావాలని ఆమె అడిగింది. కంఠతా పట్టిన జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"రాత్రులు చేయలేకపోతున్నాను మేడం. నిద్ర చాలక తప్పులు జరుగుతాయేమోనని భయంగా ఉంది. పగలైతే బాగా చేస్తాను."

మేనేజరు తల వంచుకుని నవ్వుకున్నాడు. పోయింది పోస్టు అనుకుని బయటికొచ్చాను. వాడు లోపలికెళ్లి, అనుకున్న జవాబే చెప్పాడట.

శనివారం మేనేజరు పిలిచి పోస్టు నాదేనన్నాడు. ఎందుకు నాకిచ్చారో చెప్పలేదు, నేనడగలేదు. అందరికంటే ముందు వచ్చి చేయి పట్టుకుంది వాడే. ఆరోజు టీ కూడా వాడే తాగించాడు. మా అమ్మ ఆశ్చర్యపోయింది. మా ఆవిడ ఆ రాత్రి రెండు పక్కలు పరిచి నవ్వింది.

సోమవారం సూపర్‌వైజరుగా నా మొదటి పని ఆ నెల డ్యూటీలు వేయడం. రాత్రి వరుసలో ఎవరి పేరు రాయాలో ఆలోచించే పని లేదు. అయినా చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మేనేజరును అడిగి చూశాను, ఇంకొకరికి నేర్పిద్దాం, వారం వారం మారుద్దామని. "పండగ సీజన్ పోనీ, చూద్దాం" అన్నాడు. నెలంతా వాడి పేరే రాసి, కాగితం నేనే బోర్డుకు అంటించాను.

సాయంత్రం డ్యూటీ ఎక్కడానికి వచ్చి బోర్డు ముందు నిలబడ్డాడు. కొత్తగా చేరిన కుర్రాళ్లు చుట్టూ ఉన్నారు.

"నెలంతా నైటేనా?" అన్నాడు.

"సీజన్ అయినాక మారుస్తానప్పా. అడిగినాను మేనేజర్ని" అన్నాను.

వాడు తలూపాడు. ఎగతాళి లేదు, కోపమూ లేదు. కుర్రాళ్ల ముందు నాకు మర్యాద దక్కాలని కాబోలు, ఎంతో మామూలుగా అన్నాడు.

"సరే సార్."