రెక్కల బట్టకు గంజి

ఆ రోజుల్లో మా బెజవాడ నేతవీధిలో గంజి పెట్టని బట్టను ఎవరూ బట్ట అనేవారు కాదు. మనుషులైనా అంతే, కాస్త బిర్రుగా నిలబడితేనే గౌరవం. (అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, తప్పులుంటే సర్దుకోండి.) రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఒక జమీందారు గారు పాత రెండు సీట్ల విమానం కొని గన్నవరంలో పెట్టించారు. దాని రెక్కలు కర్ర చట్రాలు, పైన బిగించింది బట్ట. ఆ బట్ట చివికిపోయింది, సీమ గుడ్డ దొరకలేదు. అందుకని విమానం బాగుచేసే మేస్త్రి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. రెక్కల బట్టకు ఆయన డోపు అనే మందు పూస్తాడట. అది ఆరితే గుడ్డ బిగుసుకుంటుంది. దాని వల్ల ఆయన ఒంటి నుంచి ఎప్పుడూ మగ్గిన అరటిపండు వాసన వచ్చేది. మేం అరటిపండు మేస్త్రి అనుకునేవాళ్లం.

విమానానికి కదా అని మా నాన్న మామూలు కన్నా రెండింతలు గంజి పట్టించి (పట్టించింది నేనే) అన్నయ్య చేత ఒక తాను నేయించాడు. అది అట్టలా నిలబడింది. మేస్త్రి ఒక ముక్క చిన్న చట్రానికి బిగించి డోపు పూశాడు. ఆరాక గోటితో గీరితే పూతంతా పెచ్చులుగా లేచి వచ్చింది. మందు నూలులోకి ఇంకాలట, గంజి దాన్ని గుమ్మంలోనే ఆపేసిందట. "గంజి లేని బట్ట ఇస్తే మా వీధిలో తలెత్తుకోలేమండీ" అన్నాడు నాన్న. పైగా గంజి లేకపోతే పడుగు పోగులు మగ్గం మీదే తెగుతాయి. నేశాక ఉతికి తీసేయవచ్చు గానీ, కొత్త తాను ఉతకడమంటే మగవాళ్లిద్దరికీ తల కొట్టేసినట్టే. వాళ్లు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నేనే ఒక ముక్కను బూడిద నీళ్లలో ఉడకబెట్టి, కాలువలో తేట నీళ్లు కారేదాకా జాడించాను.

దాని మీద డోపు ఆరాక మేస్త్రి వేలితో కొడితే డప్పులా మోగింది.

"ఇది ఉతికినవాళ్లు నాతో రావాలి. రెక్కల తొడుగులు కుట్టే పని ఇప్పిస్తా. డోపు డబ్బాల మీద రాతలు చదవాలి గనక అక్షరాలూ నేర్పుతా" అన్నాడు.

వీధిబడి కిటికీ పట్టుకు నిలబడి బెత్తం దెబ్బ తిన్న పిల్లను. అక్షరాలు అనగానే తలుపు పక్కన నిలబడ్డ నేను తల బయటకు పెట్టాను. నాన్న మాత్రం తడుముకోకుండా "మా పెద్దాడండీ" అన్నాడు. మేస్త్రి నానిపోయిన నా వేళ్లు చూశాడు.

"నువ్వు కాదూ, అమ్మాయ్?"

అందరూ నావైపే చూశారు.

"మాకేం తెలుసండీ. అన్నయ్యే."

ఆ పూట అమ్మ నాకు ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది.

అన్నయ్య గన్నవరం వెళ్లాడు. ఉతకడం రాక తాన్లన్నీ మూటగట్టి బస్సులో ఇంటికే తెచ్చేవాడు. విమానం మొత్తం నా చేతుల మీదే ఉతికాను. డబ్బా మీద ఎర్ర అక్షరాలుంటే నిప్పుకు దూరమని మాకు పాఠాలు కూడా చెప్పేవాడు. ఒక్క అక్షరం నేర్పమంటే, "ఉతుక్కునేదానికి నీకెందుకే" అన్నాడు.

ఎండకు బట్ట చివకకుండా పైన వెండి రంగు పూసుకుని ఆ విమానం మా వీధి మీదుగా ఎగిరిన రోజు, మన పెద్దాడి విమానమని అందరూ చేతులూపారు. నేనూ ఊపాను. అన్నయ్య పోయి చాలా ఏళ్లయింది, ఆయన మీద కోపమూ పోయింది. తలుపు పక్కన నిలబడి, ఒక్క అక్షరం తడబడకుండా "అన్నయ్యే" అన్న ఆ పదిహేనేళ్ల పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. అబద్ధానికి అంత ధైర్యం చేసినదానికి, "నేనే" అనడానికి ఎంతసేపు పట్టేది?