మాస్టారికి వచ్చిన రాజుగారి ఉత్తరం

మాస్టారు పోయారని మా జాన్సన్‌విల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను చేసిన మొదటి పని నమ్మకపోవడం. ఎవరు పెట్టారు, వాళ్ళకెవరు చెప్పారు అని చూశాను. అలా చూడటం నేర్పింది ఆయనే. "అనుమానం సగం పనేనమ్మాయ్, కనుక్కోవడం మిగతా సగం" అనేవారు. అందుకని చెప్పులైనా వేసుకోకుండా పక్కనే ఉన్న ఆయన ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మాయి తలుపు తీసింది. ఆ మొహం చూశాక ఇంక కనుక్కోవాల్సిందేమీ లేకపోయింది. నిద్రలోనే పోయారు, ఎనభై ఒకటి నిండాయి.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని గ్రూపువాళ్ళు అడిగారు. రాస్తాను. కానీ ఒక చెడ్డ మాట కూడా ఉంది, అది నా గురించి. అది దాచిపెట్టి మిగతావి రాస్తే మాస్టారు పై నుంచే "ఏమ్మాయ్, పేజీ తక్కువైంది" అంటారు.

గుంటూరు దగ్గర ఒక కాలేజీలో ముప్పై ఏళ్ళు సివిక్స్ చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ వెల్లింగ్టన్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. వచ్చిన మూడో నెలకే లైబ్రరీలో ఒక గది అడిగి పుచ్చుకుని శనివారం క్లాసు మొదలుపెట్టారు. స్టూడెంట్లందరూ అరవై దాటినవాళ్ళే. పిల్లల దగ్గరికి వచ్చి ఇక్కడి పౌరసత్వానికి అప్లై చేసుకున్న ఆంటీలు, అంకుల్స్. రేపు సెరిమనీలో నిలబడి, ఈ దేశానికీ రాజైన బ్రిటన్ రాజుగారికి విధేయంగా ఉంటామని ప్రమాణం చేయాలి కదా, ఆ రాజుగారు ఏం చేస్తాడో తెలియకుండా ఆ ప్రమాణమేమిటని ఆయన వాదన. నేను మా అత్తగారిని కారులో దింపడానికి వెళ్ళి, వెనక కుర్చీలో కూర్చుండిపోయేదాన్ని.

గోడ మీద పన్నెండు గళ్ళ చార్టు ఉండేది. పైన 'రాజుగారి ఏడాది' అని గుండ్రటి అక్షరాలతో రాశారు. కొత్త సంవత్సరంనాడు బిరుదుల జాబితా. ఏడాది పొడుగునా చట్టాల మీద సంతకాలు. జూన్‌లో పుట్టినరోజు సెలవు, మళ్ళీ బిరుదుల జాబితా. డిసెంబరులో టీవీలో పండగ సందేశం. ఎన్నికలైన ఏడు పార్లమెంటు తెరిచేటప్పుడు సింహాసనం మీంచి ప్రసంగం. ఇక్కడ ఆ పనుల్లో చాలావరకు ఆయన బదులు గవర్నర్ జనరల్ చేస్తారు. ఒక్కో గడినీ స్కేలుతో కొట్టి మాస్టారు అడిగేవారు.

"ప్రసంగం రాసిందెవరు?"

"మంత్రులు!"

"చదివేదెవరు?"

"గవర్నర్ జనరల్!"

"ఎవరి పేరు మీద?"

"రాజుగారి పేరు మీద!"

"రాజుగారికి అది నచ్చకపోతే?"

"నచ్చకపోయినా అంతే. ఆయనకి అభిప్రాయం ఉండొచ్చు, నోరు ఉండకూడదు. కాదనే హక్కు లేని ఉద్యోగం అది" అనేవారు మాస్టారు. పుట్టినరోజు గడి దగ్గరైతే మరీ ముచ్చటపడేవారు. "ఆయన పుట్టింది ఆ నెలలో కాదర్రా. చివరికి పుట్టినరోజు కూడా ఆయన చేతిలో లేదు, పాపం!"

అనుమానం ఆయనకి రాజుగారి మీదే కాదు, అన్నిటి మీదా ఉండేది. డెయిరీలో పాలు కొంటే సీసా మీద తేదీ చూసి, వెనకాల సీసా తీసి దాని తేదీ కూడా చూసేవారు. వర్షం లేదని ఫోన్ చెబితే కిటికీ తీసి చెయ్యి బయటపెట్టి చూసేవారు. క్లాసులో అందరికంటే పెద్దావిడ, మేమంతా కడప ఆంటీ అని పిలిచేవాళ్ళం, "ఈయప్ప దేవుడొచ్చినా ఐడీ కార్డు అడుగుతాడు" అనేది. ఆయన కాదనేవారు కాదు.

పెద్దవాళ్ళకి దొంగ ఉత్తరాలు, దొంగ ఫోన్లు ఎక్కువయ్యాక క్లాసులో అరగంట దానికే పోయేది. ఏ ఉత్తరానికైనా మూడు ప్రశ్నలు వెయ్యమనేవారు. ఎవరు? నాకెందుకు? తొందరెందుకు? నేను బ్యాంకులో మోసాలు పట్టే సెక్షన్లో పనిచేస్తాను. మా ట్రైనింగ్ అంతా కలిపినా ఆ మూడు ప్రశ్నలకి మించి లేదు. ఆ మాట చెబితే చిన్నపిల్లాడిలా పొంగిపోయారు. అప్పటినుంచి అనుమానం వచ్చిన ప్రతి కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు.

ఒక శనివారం బిరుదుల గడి దగ్గర ఆగారు. "ఈ జాబితాలో ఉన్నవాళ్ళెవరో రాజుగారికి తెలియదు. సంతకం ఆయనది, ఎంపిక ఇక్కడివాళ్ళది. ఎవరి పేరైనా ఎవరైనా రాసి పంపొచ్చు. ఒకటే షరతు, ఆ మనిషికి తెలియకూడదు." ఆంటీలు నోట్సు రాసుకున్నారు. ఎప్పుడూ రాసుకోనివాళ్ళు కూడా ఆరోజు రాసుకున్నారు. బ్యాంకులో ఆ మాత్రం తేడా కనబడితే పట్టుకునేదాన్ని. ఇక్కడ పట్టుకోలేదు.

పోయిన ఏడాది ఈస్టర్ ముందు గురువారం సాయంత్రం ఆయన ఒక కవరు పట్టుకుని వచ్చారు. మామూలుగా అయితే నవ్వుతూ వచ్చి సోఫాలో కూలబడి "ఇవాళ ఎవడో చూడు" అంటారు. ఆరోజు కూర్చోలేదు.

"చూడమ్మాయ్. ఇదేమిటో నువ్వే చెప్పాలి."

రాజుగారు మీకు బిరుదు ఇవ్వడానికి మీ పేరు పరిశీలనలో ఉంది, మీకు సమ్మతమేనా, ఫలానా తేదీలోగా తెలపండి, ప్రకటించేదాకా ఎవరికీ చెప్పవద్దు. అదీ ఆ ఉత్తరం సారాంశం. నేను సగం చదివి నవ్వేశాను.

"మీ ప్రశ్నలే వేద్దాం మాస్టారూ. ఎవరు? రాజుగారి పేరు వాడేసుకున్నారు. తొందరెందుకు? తేదీ పెట్టారు. పైగా ఎవరికీ చెప్పొద్దట, అసలు గుర్తే అది."

"రెండోది వదిలేశావు" అన్నారాయన.

"మీకెందుకిస్తారు మాస్టారూ!" అన్నాను. హాస్యానికే అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే నాలుక కోసేసుకోవాలనిపిస్తోంది.

ఆయన నవ్వారు. "నా పాఠం నాకే అప్పజెప్పావు. పాసయ్యావు పో" అన్నారు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. అదే బ్యాంకులో అయితే ఆ ఆఫీసు నంబరు విడిగా వెతికి, ఫోన్ చేసి, నిజమో కాదో కనుక్కునేదాన్ని. మాస్టారి విషయంలో సగం పని చేసి ఊరుకున్నాను. తర్వాత వారంలో వెల్లింగ్టన్ నంబరు నుంచి రెండుసార్లు కాల్ వచ్చిందని ఫోన్ చూపిస్తే, ఆ నంబరు బ్లాక్ చేసింది కూడా నేనే. అందుకు థాంక్స్ చెప్పించుకున్నాను కూడా.

ఏటా జూన్ సెలవు సోమవారం ఆయన మా ఇంటికొచ్చి బిరుదుల జాబితా చదవడం ఆనవాయితీ. మా కంప్యూటర్ తెర పెద్దది. ఆ ఏడూ వచ్చారు. జూన్ అంటే ఇక్కడ చలికాలం, బయట గాలి కిటికీలు ఊపేస్తోంది, హీటర్ పక్కన కుర్చీ వేశాను. మిగతా ఏళ్ళలో గబగబా చదివేసి "ఈయనకెందుకిచ్చారు, ఎవరు రాశారు?" అని ఆరాలు తీసేవారు. ఆరోజు ఏమీ అడగలేదు. తెర మీద వేలు పెట్టి ఒక్కో పేరూ చివరిదాకా చదివారు. "ఈసారి మనవాళ్ళెవరూ లేరమ్మాయ్" అని, కాఫీ అడిగారు. కళ్ళు సరిగా కనబడక మెల్లగా చదివారనుకున్నాను.

పదకొండోరోజు భోజనాల దగ్గర కడప ఆంటీ నా పక్కన కూర్చుంది. విస్తట్లో అన్నం కెలుకుతూ మెల్లగా అంది.

"ఆయప్పకి ఈకుండానే పాయ గదా పాపా."

"ఏంటి ఆంటీ?"

"బిరుదు. మేం తొమ్మిదిమంది కలిసి రాసి పంపినాం. మీ అత్త గూడా సంతకం పెట్టింది. నీకు చెప్పొద్దంటిమి, పక్కిల్లు గదా, నోరు జారుతావని. ఎన్నాళ్ళు చూసినామో! రాజు వద్దన్యాడేమోలే."

ఎదురు వరసలో మా అత్తగారు తల వంచుకుని తింటున్నారు. రాజుగారు వద్దనలేదు ఆంటీ. ఆయనకి కాదనే హక్కు లేదని మాస్టారు మీకు ఎన్ని శనివారాలు చెప్పారు! ఆయన బదులు నేను కాదన్నాను. ఈ మాట ఆరోజు నోటితో చెప్పలేక లేచి చెయ్యి కడుక్కున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, మీరు చదువుతారని తెలుసు.

ఆ ఉత్తరం నిజమేనని మాస్టారికి తెలిసిందా లేదా అన్నది నా అనుమానం. తర్వాతెప్పుడైనా తనే ఫోన్ చేసి కనుక్కున్నారా? తెలిసి, నన్ను బాధపెట్టడం ఇష్టంలేక నోరెత్తలేదా? అలా అయితే జూన్‌లో ఆ వేలు దేనికోసం వెతికింది? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగినా తేలడం లేదు. కనుక్కోవడానికి ఇప్పుడు మనిషి లేడు.

పోయిన ఆదివారం బట్టలు సర్దడానికి రమ్మని వాళ్ళమ్మాయి పిలిచింది. గది తలుపు వెనక హుక్కుకి నీలం కోటు వేలాడుతోంది. డ్రై క్లీనింగ్ వాళ్ళ ప్లాస్టిక్ కవరు చింపనే లేదు, పిన్నుతో గుచ్చిన చీటీ అలాగే ఉంది.

"పోయిన ఏడాది ఇచ్చొచ్చారు. ఎందుకు నాన్నా, ఏదైనా పెళ్ళా అంటే, అవసరం పడొచ్చులే అన్నారు. మళ్ళీ తియ్యనే లేదు" అందామె.

చీటీ మీద కోటు ఇచ్చిన తేదీ చూశాను. ఈస్టర్ ముందు సోమవారం. నా దగ్గరికి ఉత్తరం పట్టుకొచ్చింది గురువారం. పాల సీసాని కూడా నమ్మని మనిషి, ఆ ఉత్తరాన్ని మూడు రోజులు నమ్మారు.

అక్కడే మంచం మీద కూర్చుని ఆ అమ్మాయికి అంతా చెప్పేశాను. నేను లేచి కోటు తియ్యబోతే, "వద్దక్కా, ఉండనీ" అంది. కిటికీ సందులోంచి గాలి వచ్చినప్పుడల్లా ఆ ప్లాస్టిక్ కవరు చిన్నగా చప్పుడు చేస్తోంది.