తుమ్ముల సందు

మా సందుకు కొత్తవాళ్లు రావాలంటే గుర్తు ఒక్కటే: నేరుగా నడవండి, తుమ్ము వచ్చినచోట కుడివైపు తిరగండి. ఆ మలుపులోనే మా వదిన కారం మర. పేరుకు మా అన్నయ్యది. కానీ కారం గాలి తగిలితే ఆయన కళ్లు మండుతాయి. అందుకని ఆయన ఇంట్లో వంట చూసుకుంటాడు, వదిన మూతికి గుడ్డ చుట్టుకుని మర ఆడిస్తుంది. ఆ ఘాటుకే ఊరు మా సందును తుమ్ముల సందు చేసింది. ఒకసారి మూలకొట్టు గోడగడియారం కూడా తుమ్మి, ముల్లు రాల్చుకుంది. నా ముక్కు మీద ఒట్టు.

ఎదురింటి లాయరుకు మాత్రం ఆ పేరు నామోషీ. సందులో మిగతావాళ్లను ఒప్పించి, ‘పూలవనం వీధి’ అని బోర్డు రాయించాడు. దాన్ని బిగించే రోజున వార్డు మెంబరును రమ్మన్నాడు.

“పూలేవి మరిదీ?” అంది వదిన.

“నీ మిరపకాయ బస్తాల వెనక దాక్కున్నాయేమో చూడు.”

ఆమె నవ్వలేదు. “ఇవాళ పేరు తీస్తారు. రేపు పూలవనంలో కారం మరేంటని నన్నూ తీసేస్తారు. పిల్లల చదువులు దీనిమీదే కదయ్యా.”

“తుమ్మితే ఊడిపోయే ముక్కా నీది?”

“నీకన్నీ వేళాకోళమే!”

అయినా వచ్చిన పెద్దమనిషి తుమ్మితే బాగుండదని, ఆ ఉదయం తనే మర ఆపేసి గుమ్మం కడిగింది.

ఎండ నెత్తికెక్కినా మెంబరు జాడ లేదు. చివరికి ఆయనే ఫోన్ చేశాడు. లాయరు చేతిలోని ఫోన్ మా అందరికీ వినబడింది.

“పూలవనం వీధి ఎవరికీ తెలీదంటున్నారండీ! తుమ్ముల సందంటే, తుమ్మొచ్చేదాకా నడవమంటున్నారు. ఊరంతా చుట్టాను, ఒక్క తుమ్ముంటే ఒట్టు!”

లాయరు చెమట తుడుచుకుంటూ వదిన దగ్గరికి వచ్చాడు.

“అక్కయ్యగారూ, ఒక్క వాయి ఆడించండి.”

“పూలవనంలోనా తమ్ముడూ?”

“పూలెక్కడివమ్మా ఇక్కడ! ముందు మీరు స్విచ్చి వెయ్యండి.”

మర గుర్రుమంది. కాసేపటికి మలుపులోంచి ముందు తుమ్ము వచ్చింది, దాని వెనక మెంబరు వచ్చాడు, ఆయన వెనక నిచ్చెన మోసేవాడు.

“ఇదే... హాఛ్! ఇదేనండీ సందు!” అన్నాడు మెంబరు, తప్పిపోయి ఇల్లు చేరిన పిల్లాడిలా. “బోర్డెక్కడ కొట్టాలి?”

లాయరు కూడా ఒక తుమ్ము తుమ్మి, వదిన వైపు చూశాడు. “వద్దులెండి. మీరే దారి తప్పితే, రేపు నా క్లయింట్లు ఏ సందులో తేలతారో!”

ఆ బోర్డు ఇప్పుడు వదిన మరలో కారం డబ్బాలు పెట్టుకునే అర. లాయరు గుమ్మం మీద మాత్రం కొత్త పలక వెలిసింది: తుమ్ముల సందు, కారం మర ఎదురుగా.