షెఫీల్డ్ వంటింట్లో అమెరికా

మాస్టర్స్ చదవడానికి ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చిన కొత్తలో నాకు సొంత భయాలు చాలేవి కావు, సముద్రం అవతలి నుంచి కూడా తెచ్చుకునేదాన్ని. (ఇప్పుడు పాప ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు డాక్టరుకు ఫోన్ చేసే నన్ను చూసి మా ఆయన నవ్వుతారు గాని, ఆ రోజులతో పోలిస్తే నేనిప్పుడు ధైర్యవంతురాలినే.) నిన్న రాత్రి పాప నిద్రపోయాక ఫోన్ తెరిస్తే మళ్లీ ఆ అమెరికా రాజకీయాల గొడవలే. ఫోన్ పక్కన పెట్టేసరికి షెఫీల్డ్‌లో ఆ మొదటి శీతాకాలం గుర్తొచ్చింది.

ఒక పాత ఇంట్లో ఇద్దరం ఉండేవాళ్లం. నేను కాకినాడ పిల్లను. రెండో గదిలో అనంతపురం అక్క, నాకన్నా మూడేళ్లు పెద్ద, ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం. ఇద్దరికీ కలిపి ఒకే రైస్ కుక్కర్. ఒకరోజు ఆమె వంట, ఒకరోజు నాది. నా వంట రోజున అమెరికా రాజకీయ వ్యాఖ్యాత ఒకాయన పాడ్‌కాస్ట్ పెట్టుకునేదాన్ని. సంప్రదాయవాది. అందరిలా అరిచేవాడు కాదు, దిగులుపడిన హెడ్‌మాస్టరులా మాట్లాడేవాడు. పెద్దల మాట, ప్రార్థన, పొరుగువాళ్లతో పలకరింపు ఎగతాళి అయిపోయాక జనాన్ని కలిపి ఉంచేది ఏం మిగిలింది అనేవాడు. నగరాల్లో చదువుకున్నవాళ్లు చిన్న ఊళ్లవాళ్లను చూసి నవ్వుతారు, వాళ్లు వీళ్ల మీద పగబడతారు, ఆఖరికి పండక్కి ఒక కుటుంబం ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చోలేకపోతుంది, దేశం చీలేది ముందు అక్కడే అనేవాడు. వింటూ వింటూ ఉల్లిపాయలు కోయడం మరిచిపోయేదాన్ని.

"ఏమ్మే, పొద్దస్తమానం ఈయప్ప ఏడుపేనా? ఆ దేశంలో నీకు ఓటుందా, నాకుందా?" అంది అక్క ఒకరోజు.

"ఓటు లేకపోతే భయం ఉండకూడదా అక్కా? ఆయన చెప్పేది కుటుంబాల గురించి."

"కుటుంబమంట! పెండ్లి వద్దనుకునేటోళ్ల వల్లనే అంతా చెడిపోయిందని నిన్న చెప్తాంటే నువ్వు తలకాయ ఊపుతా ఉంటివి. నేను ఈడనే నిలబడి ఉండా."

ఊపిన మాట నిజమే. పెళ్లి వద్దని ఇంట్లోవాళ్లతో పోట్లాడి వచ్చిన మనిషి నా పక్కనే గిన్నెలు తుడుస్తోందని నాకు తట్టలేదు. అక్కడైనా ఆగాల్సింది. "ఆయనన్నది నిజమే కదా" అన్నాను.

"సరే మే. నెలాఖరుకు నేను మాంచెస్టర్ పోతా."

ఆ తర్వాత మాటల్లేవు. నేను ఇంకో కుక్కర్ కొనుక్కున్నాను. ఫ్రిజ్‌లో పై అరలు ఆమెవి, కింది అరలు నావి. దేశాలు ఎలా చీలతాయో రోజూ వినే నేను, మా వంటింటిని నా చేతులతోనే చీల్చానని గమనించనే లేదు. నా భయమల్లా, ఆమె వెళ్లిపోతే మెట్లు కిర్రుమనే ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఎలా ఉండాలన్నదే.

డిసెంబరు, సాయంత్రం నాలుగింటికే చీకటి. రెండు కుక్కర్లూ పక్కపక్కనే ఉడుకుతున్నాయి, హీటర్ వేసి ఉంది. నేను కెటిల్ నొక్కగానే టప్పుమని ఇల్లంతా కరెంటు పోయింది. మరుక్షణం వీధి తలుపు దబదబా బాదారు. ఆ రోజు పాడ్‌కాస్ట్‌లో అల్లరిమూకలు అద్దాలు పగలగొట్టడం గురించి విన్నాను. చేతికందిన పప్పుగుత్తి పట్టుకుని "అక్కా!" అని కేకేశాను. తొమ్మిది రోజుల్లో అదే మొదటి మాట. ఆమె వచ్చి నా జబ్బ గట్టిగా పట్టుకుంది. ఇద్దరం కలిసే తలుపు దగ్గరికి నడిచాం.

తలుపు తీస్తే పక్కింటి ముసలావిడ, చేతిలో టార్చి. మా లైట్లు ఒక్కసారిగా ఆరిపోవడం చూసి కంగారుపడి వచ్చింది. "బాగానే ఉన్నారా, లవ్?" అని ఆ ఊరి ముద్దుపిలుపుతో పలకరిస్తూ మెట్ల కింది అల్మరా తెరిచి, లోడ్ ఎక్కువై పడిపోయిన మెయిన్ స్విచ్‌ను పైకి నెట్టింది. వెలుగొచ్చాక వంటగట్టు వైపు చూసి, "ఇద్దరికి రెండెందుకు?" అని అడిగింది.

ఆవిడ వెళ్లాక అక్క నా సగం ఉడికిన బాస్మతి తీసి తన సోనా మసూరిలో కుమ్మరించింది. సగం పలుకు, సగం ముద్ద. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

"ఆ పప్పుగుత్తితో ఎవర్ని కొడదామనుకుంటివి మే?"

"ఏమో అక్కా. నువ్వు వెళ్లిపోతావనే ఎక్కువ భయంగా ఉంది. ఆ రోజు ఆ మాట నేను అనాల్సింది కాదు. తప్పయింది."

ఆమె నా కంచంలో ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. "ఇంకోసారి అన్నావంటే చూడు. మాంచెస్టర్‌లో చూసిన గది ఏమంత బాగలేదులే. వద్దని చెప్తా."

పాడ్‌కాస్ట్‌లోని ఆ హెడ్‌మాస్టరు మాటల్లో చాలావాటిని ఇప్పటికీ నమ్ముతాను. బల్ల దగ్గర కూర్చోవడం మానేస్తే ఏ దేశమైనా చీలుతుంది. నా కూతురు ఎలాంటి లోకంలో పెరుగుతుందోనని ఇప్పటికీ భయపడతాను. కానీ పక్కనున్న మనిషి మనసు చూసుకోకుండా, అమెరికా మొత్తాన్నీ ఒక్కతే నెత్తిన మోసుకు తిరిగిన ఆ ఇరవైమూడేళ్ల పిల్ల మీద నాకు కోపం రాదు. ఎంత అలిసిపోయి ఉంటుందో పాపం అనుకుని నవ్వుకుంటాను.