మామిడిరసం గడ్డకట్టిన రోజు

ఇవాళ మధ్యాహ్నం కాకినాడ పడవలో మంచుగడ్డ వచ్చింది. తడిసిన గోనెపట్టా విప్పి, ఊక దులిపి, అరచెయ్యి ఆనించాను. చలి మోచేతి దాకా పాకింది. దాంతోపాటే మార్తమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిడ రాజమండ్రిలో మిషను బడి పంతులమ్మ. ఆడపిల్లలను గడప దాటనివ్వని మా వంటి వ్యాపారుల ఇళ్ళకు సాయంత్రాలు వచ్చి చదువు చెప్పేవారు. అరుగు మీదే కూర్చునేవారు. ఆవిడ వెళ్ళగానే మా నాయనమ్మ ఆ చోట పసుపునీళ్ళు చల్లించేది. చల్లేదాన్ని నేనే. నా చేత పలక మీద పేరు రాయించిన మనిషి వీధి మలుపు తిరగకముందే చెంబు పట్టుకునేదాన్ని. ఒకసారి గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చి, నన్ను చూశారు. "తడిగా ఉందమ్మా, జారిపోతావు" అని మాత్రం అని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

నా పదకొండో ఏట, రోహిణీ కార్తెలో, అమ్మకు జ్వరం తగిలింది. మూడో వారానికి నోరంతా పూసి గంజి కూడా మింగలేకపోయింది. చల్లగా ఏదైనా కావాలనేది. నాన్న మంచుగడ్డ తెప్పించారు గాని దాన్ని ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. మార్తమ్మగారు మిషను దొరసానిగారి వంటింట్లో చూసి నేర్చుకున్నారట. ఆవిడ అరుగు మీద నుంచి చెబుతుంటే నేను చేశాను. రసాల మామిడిపళ్ళు పిండి, పీచు లేకుండా గుడ్డలో వడగట్టాను. సన్నటి ఇత్తడి గ్లాసుల్లో పోసి, నడుమ వెదురుపుల్లలు నిలబెట్టి, రాళ్ళుప్పు కలిపిన మంచుముక్కల్లో పాతాను. తొందరలో గ్లాసులు ఒరిగి రసమంతా ఉప్పయిపోయింది. మిగిలిన మంచు కరిగిపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

మార్తమ్మగారు లేచి నిలబడ్డారు. "పెద్దమ్మగారూ, చిన్నపిల్ల, దానివల్ల కాదండి. నన్ను చెయ్యనివ్వండి."

"నీ చేతిది మా కోడలు తినాలా?" అంది నాయనమ్మ.

లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినిపించింది. అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో. "నేను తింటానండీ అత్తయ్యగారూ. ఆవిణ్ణి లోపలికి రమ్మనండి."

నాన్న గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నారు.

మార్తమ్మగారు గంటసేపు మంచులో గ్లాసులు తిప్పుతూ కూర్చున్నారు. వేళ్ళు పాలిపోయి ముడతలు పడ్డాయి. చివరికి గ్లాసును ఒక్క క్షణం నీళ్ళలో ముంచి పుల్ల లాగితే, పచ్చటి రసం కడ్డీలా ఊడి వచ్చింది. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని దాన్ని పెదాలకు తాకించారు. అమ్మ కళ్ళు మూసుకుని, "హాయిగా ఉందండి" అంది. నాన్న మళ్ళీ మళ్ళీ మంచు తెప్పిస్తుంటే, నాలుగు రోజులు ఆవిడ చేతి మీదుగానే తింది. అయిదో రోజు పోయింది.

కర్మలయ్యాక మార్తమ్మగారు వచ్చారు. నాయనమ్మ వీధిలోనే ఆపేసింది. "ఇల్లు మైల చేశావు. నా కోడల్ని పొట్టన పెట్టుకున్నావు. మళ్ళీ మా గడప తొక్కకు" అంది. అది నిజం కాదని నాన్నకు తెలుసు. నాకూ తెలుసు. ఇద్దరం తలలు దించుకున్నాం. మార్తమ్మగారు కాసేపు ఆగారు. మాలో ఎవరైనా ఏదైనా అంటామని చూశారేమో. తర్వాత నాతో, "చదవడం మానకమ్మా" అని వెళ్ళిపోయారు.

మానలేదు. నాకు వచ్చిన ప్రతి అక్షరం ఆవిడ పెట్టినదే. ఆవిడ కాలం చేశారని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ రోజు నేను అనవలసింది ఒక్క మాటే: "అమ్మే పిలిచింది, నాయనమ్మా." ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మాట ఇంకా నా గొంతులోనే ఉంది.