బొట్టు పెట్టని ఫ్లాపీ

బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆఫీసులో వారమంతా పెద్ద పెద్ద సర్వర్లతో కుస్తీ పట్టే నేను, ఆదివారాలు అరచేతిలో పట్టే కంప్యూటర్‌తో ఆడుకుంటాను. మొత్తం ఒకే బోర్డు. ఫోన్ చార్జర్ ఇచ్చే కరెంటు దానికి ఎక్కువే. అందులో ఎమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తే, నా చిన్నప్పటి పాత కంప్యూటర్‌లా వేషం కడుతుంది. మా ఆవిడ దీన్ని పనిలేని పని అంటుంది. నేనూ గట్టిగా కాదనలేను.

ఈ సంగతి అమ్మ చెవిన పడింది. నగర్తపేటలో మాది చీరల వ్యాపారం. ఒకప్పుడు అంచుల డిజైన్లు కంప్యూటర్‌లో గడి గడిగా నింపి గీసింది అమ్మే. ఆ కంప్యూటర్ పాడై చాలా ఏళ్లయింది.

"నా హంసల అంచు ఒకటుండాదప్పా. ఒకసారి చూడాల. ఆ చీర ఇంట్లో ఒకటన్నా మిగల్లేదు," అంది ఫోన్‌లో.

అమ్మ నన్ను ఏదైనా అడగడమే అరుదు. ఆ ఆదివారమే బోర్డూ ఫ్లాపీ డ్రైవూ సంచిలో వేసుకుని అమ్మావాళ్లింటికి వెళ్లాను.

బోర్డును టీవీకి తగిలించాను. సీడీలో దాచుకున్న ఆ పాత డిజైన్ ప్రోగ్రాం తెర మీదికి రాగానే నాన్న మురిసిపోయాడు.

"ఇంతేనా? ఆ డబ్బాని ఇద్దరం మోసుకొస్తిమి గదరా," అని ఫ్లాపీల పెట్టె తెచ్చిచ్చాడు.

మొదటిది తెరుచుకోలేదు. రెండోదీ అంతే. అనుమానమొచ్చి ఫ్లాపీ అంచున ఉండే రేకు మూత జరిపి చూస్తే, లోపలి పల్చటి బిళ్ల మీద ఎండిపోయిన కుంకుమ బొట్టు. ఆయుధపూజకు నాన్న ఒక్క ఫ్లాపీనీ వదల్లేదు.

"పైన పెడితే ప్లాస్టిక్‌కి పెట్టినట్లు. పనిచేసేది లోపలిది గదా," అన్నాడు, చాలా నమ్మకంగా.

డేటా ఎన్ని రకాలుగా పోతుందో మా ఆఫీసులో శిక్షణ ఇస్తారు. ఈ రకం అందులో లేదు. నవ్వు ఆగలేదు. అంతలోనే వంటింట్లో ఉన్న అమ్మ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. ఆమెకు ఎలా చెప్పడం?

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, బీరువాలోంచి ఇంకో ఫ్లాపీ తీసింది. "అవి కాదప్పా. నాది ఇది."

దాని మీద మరక లేదు. పెట్టగానే తెరుచుకుంది. తెర నిండా హంసలు.

అమ్మ కళ్లద్దాలు సర్దుకుని మౌస్ అడిగింది. వరసంతా వెతికి, ఒక హంస మెడ దగ్గర ఆగి, ఖాళీగా ఉన్న గడిని నింపింది. అప్పుడు గానీ కుర్చీలో వెనక్కి వాలలేదు.

"దీనికి బొట్టు లేదేమ్మా?" అన్నాను.

"తప్పుండే పనికి బొట్టెట్ల పెట్టేది? దిద్దినాక పెడదామంటి. అంతలోనే మీ నాయన మగ్గానికి పంపించేసినాడు."

నాన్న ఇబ్బందిగా కదిలాడు. "చీరలన్నీ అమ్ముడుపోయె గదా. ఆ ఒక్క గడి గురించి ఎవరన్నా అడిగినారా?"

"నేనడిగితి గదా," అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.